ఇద్దరు పంతుళ్లు - ఒక వాదం

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన ఎడిటర్ గారు అడిగారు. ఆయన నాకంటే పదిహేనేళ్లు చిన్న. రాసి ఇచ్చాను. "భాష బరువుగా ఉందండీ, కాస్త వాడుకలో రాయండి" అని తిప్పి పంపారు. ముప్పై అయిదేళ్లు ఫైళ్ల మీద నోట్లు రాసిన చెయ్యి గదా, చుర్రుమంది. రెండు రోజులు పోయాక కొక్కొండ వెంకటరత్నం పంతులు గారు గుర్తొచ్చి నవ్వుకున్నాను. అందుకే ఆ సంగతే రాస్తున్నాను.

కొక్కొండ వారు 1842లో పుట్టారు. సంస్కృతాంధ్రాల్లో దిట్ట. 1871లో మద్రాసు నుంచి 'ఆంధ్రభాషా సంజీవని' అనే పత్రిక మొదలుపెట్టారు. మాటల్లో సైతం గ్రాంథికం విడిచేవారు కాదని ప్రతీతి. ఆ పత్రికలో ఆయన స్త్రీవిద్య పనికిరాదని వాదించారు.

దానికి జవాబు చెప్పినవాడు మన రాజమండ్రి వాడే. 1848లో పుట్టిన కందుకూరి వీరేశలింగం పంతులు గారు అప్పటికి పాతికేళ్ల బడిపంతులు. చేతిలో సొంత పత్రిక లేదు. అందుచేత బందరు నుంచి వెలువడే 'పురుషార్థప్రదాయిని'కి తన జవాబులు పంపించారు. పేరున్న పండితుడు ఒక పత్రికలో రాయడం, కుర్రవాడు ఇంకో పత్రికలో ఖండించడం. నెలకో సంచిక. ఈనెల అన్నమాటకు జవాబు చదవాలంటే పాఠకుడు పై నెలదాకా ఆగవలసిందే.

ఎన్నాళ్లని ఒకరి పత్రికలో చోటు అడుగుతారు? 1874 అక్టోబరులో 26 ఏళ్ల వయసులో 'వివేకవర్ధని' స్థాపించారు. ఆ ఏడాదే ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. రాసిన మాటకు చేత కూడా తోడయిందన్నమాట. పత్రిక మొదట్లో మద్రాసులో అచ్చయ్యేది. తరువాత మిత్రులతో కలిసి రాజమండ్రిలోనే ప్రెస్సు పెట్టుకున్నారు. కోర్టుల్లో, కచేరీల్లో లంచాల బాగోతం అందులో బయటపెడుతుంటే నాటి ఉద్యోగులు వణికారు. మన వర్గం వారి గురించే కాబట్టి ఇక్కడితో ఆపుతాను!

వాదం ముదిరి వెటకారంలోకి దిగింది. 'సంజీవని' వారు 'హాస్యవర్ధని' అని, 'వర్ధని' వారు 'హాస్యసంజీవని' అని ఎదుటివారి పేరు కలిసొచ్చేలా అనుబంధాలు పెట్టుకుని ఒకరినొకరు ఎత్తిపొడుచుకున్నారు. ఆ దెబ్బలాటలో తెలుగుకు లాభమే జరిగింది. 1876లో 'హాస్యసంజీవని'లో వచ్చిన 'బ్రాహ్మవివాహం' ప్రహసనంలో ఇళ్లలో జనం మాట్లాడుకునే మాటలే వినిపించాయి.

కొక్కొండ వారిని తీసిపారెయ్యకూడదు. మహామహోపాధ్యాయ బిరుదు పొందిన పండితుడాయన. అంతటివాడు ఎదురు నిలిచి వాదించబట్టే కుర్రవాడి కలం పదునెక్కింది. వీరేశలింగం గారు కూడా మొదట్లో బరువైన గ్రాంథికమే రాశారు. పదిమందికీ తెలియాలని తేలికపరుస్తూ వచ్చారు. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వ్యావహారిక భాష కోసం సమాజం ఏర్పడితే దానికి అధ్యక్షులయ్యారు. అదే ఏడు మే 27న కన్నుమూశారు.

ఇక నా సంగతి. ఆ వాదం తొంభై ఏళ్ల తరువాత మా ఇంట్లోకీ వచ్చింది. మా ఊరి బడి అయిదో తరగతి వరకే. హైస్కూలుకు కాలవగట్టు వెంట నాలుగు మైళ్లు నడవాలి. నాకంటే బాగా చదివే అక్కయ్యను మానిపించి, నన్ను పంపారు. సాయంత్రం నేను రాగానే "ఏదీ, నీ పుస్తకం ఒక్కసారి చూడనీ" అని అడిగేది. "ఆడపిల్లవి, నీకెందుకే" అని లాక్కున్నాను. మా నాన్నగారు అనలేదు ఆ మాట, నేనే అన్నాను. పెళ్లయి వెళ్లాక ఆమె రాసిన కార్డుల్లో గుండ్రటి పెద్ద అక్షరాలు, నాలుగే వాక్యాలు. ఉద్యోగంలో ఎన్ని వేల కాగితాలకు జవాబు రాశానో గాని, ఆ పాత మాటకు క్షమాపణ ఏ కార్డు మీదా రాయలేకపోయాను.

అక్కయ్య ఇంకా చదువుతూనే ఉంది, కళ్లజోడుతో. ఈ సంచిక ఆమెకు పంపుతున్నాను. ఈ వ్యాసం మాత్రం కాస్త పెద్ద అక్షరాలతో వేయించమని ఎడిటర్ గారికి మనవి. భాష ఆయన చెప్పినట్టే మార్చాను.