యాడ తిరిగొచ్చిందిరా ఈ బండి?

పోయిన వేసవి సెలవుల్లో ఉరవకొండలో మా ఇంటి వసారాలో కూర్చుని ఒక యుద్ధవాహనానికి మట్టి పూస్తున్నాను. నిజం వాహనం కాదు, పదహారు సెంటీమీటర్లకి కాస్త తక్కువ పొడవుండే ప్లాస్టిక్ మోడల్. పెట్టెలోంచి తీసి, ముక్కలు కత్తిరించి, అతికించి, రంగులేసి అక్కడిదాకా రావడానికి నాలుగు నెలలు పట్టింది. మా జేజి పక్కన మంచమ్మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"కొత్త బండి తెచ్చి, సక్కగా రంగేసి, మళ్ల దానికి మట్టి పూస్తాండావేమిరా?" అంది.

కొత్తగా కనిపించకూడదు జేజీ, యుద్ధంలో తిరిగిన బండిలా ఉండాలి అన్నాను. ఇంకాసేపు చూసింది.

"యాడ తిరిగొచ్చిందిరా మరి, ఇంత మన్ను పట్టింది?"

జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నేను పూస్తున్నది మా చేను మట్టి. ఆ బండి ఉరవకొండకి ఎప్పుడూ రాలేదు.

ఈ హాబీ గురించి తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. ట్యాంకులు, సాయుధ కార్లు, ఫిరంగులు ఇలాంటివాటిని చిన్న కొలతలో తయారుచేయడం ప్రపంచమంతా ఉన్న వ్యసనం. ఎక్కువమంది వాడే కొలత 1/35. అంటే అసలు బండిలో 35 సెంటీమీటర్లు మన బల్ల మీద ఒక సెంటీమీటరు. ఈ విచిత్రమైన అంకె వెనక గొప్ప లెక్కేమీ లేదు. జపాన్‌లోని షిజుయోకాలో కట్టెకోత మిల్లుగా మొదలైన తమియా కంపెనీ 1961లో తన మొదటి ట్యాంకు కిట్‌ని, జర్మన్ పాంథర్‌ని, తెచ్చింది. పిల్లలు నడిపించుకునే బొమ్మ కాబట్టి లోపల మోటారూ బ్యాటరీలూ పట్టాలి. అవి పట్టేంత పెద్దగా చేస్తే అది అసలు ట్యాంకులో దాదాపు ముప్పైఐదో వంతయింది. తర్వాత అందరూ అదే పట్టుకున్నారు. బ్యాటరీలు ఎప్పుడో పోయాయి, అంకె మిగిలింది.

మొదట్లో వీటిని శుభ్రంగా, షోరూమ్ బండిలాగే ఉంచేవాళ్లు. 1970లలో షెపర్డ్ పెయిన్ అనే అమెరికన్, మోనోగ్రామ్ కంపెనీ కిట్లలో పెట్టే చిన్న కరపత్రాల కోసం డయోరమాలు చేశాడు. విరిగిన గోడ, బురద, అలసిపోయిన సైనికులు, వాళ్ల మధ్య మాసిపోయిన ట్యాంకు. పెట్టె తెరిచిన కుర్రవాళ్లకి ఒక్కసారిగా అర్థమైంది, బండికి ఒక గతం ఉండొచ్చని. తర్వాత బెల్జియంవాడు ఫ్రాన్స్వా వెర్లిండెన్ వచ్చి డ్రై బ్రష్‌ని ఊరూరా వ్యాపింపజేశాడు. బ్రష్‌లో రంగంతా దాదాపు తుడిచేసి, అంచుల మీద మాత్రం తేలిగ్గా రాస్తే అరిగిన ఇనుములా మెరుస్తుంది. ఆ తర్వాత స్పెయిన్‌వాళ్లు. మిగ్ హిమెనెజ్ లాంటివాళ్లు పొడి రంగుల్నీ ఆయిల్ పెయింట్లనీ ముందుకు తెచ్చారు. దీనంతటికీ కలిపి పేరు వెదరింగ్. ఎండకి వెలిసిన రంగు, వానకి కారిన చార, గీసుకుపోయిన చోట తుప్పు, చక్రాల దగ్గర బురద.

నాకు ఈ పిచ్చి పట్టుకున్నది ఇక్కడే. మా జేజినాయన పట్టుకి రంగులేసేవాడు. ఉరవకొండలో మగ్గాలున్న ఇంట్లో పుట్టినవాళ్లకి రంగు అంటే ముందు అనుమానం, తర్వాతే నమ్మకం. తడి మీద ఒక రంగు, ఆరాక ఒకటి, దీపం కింద ఒకటి, ఎండలో ఒకటి. చిలప పట్టుకుని వీధిలోకి వెళ్లి చూస్తేగానీ ఒప్పుకునేవాడు కాదు. నేనూ మోడల్‌ని పట్టుకుని మిద్దెక్కి చూస్తాను.

అనంతపురం ఎండలో ఈ పని చేయడం ఒక కష్టం. ఏప్రిల్ మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్‌లోంచి వచ్చిన యాక్రిలిక్ రంగు మోడల్‌ని చేరేలోపే గాల్లో ఆరిపోయి, గరుకుగా పొడిలా పడుతుంది. సూది చివర రంగు గడ్డకడుతుంది. ఆరడం ఆలస్యం చేసే ద్రవం కలపాలి, లేదంటే తెల్లవారుజామున లేచి కొట్టుకోవాలి. నేను రెండూ చేస్తాను. ఇంకోపక్క, ఆయిల్ పెయింట్‌తో చేసే వాష్ మాత్రం ఇక్కడ హాయిగా ఆరుతుంది. పలచని ముదురు రంగుని సందుల్లోకి, రివెట్ల చుట్టూ పారించడాన్నే వాష్ అంటారు. హైదరాబాద్ వానాకాలంలో దానికి మూడు రోజులు ఆగాలి.

ఇక దుమ్ము. కంపెనీలు దుమ్ముని సీసాల్లో పోసి అమ్ముతాయి. యూరప్ దుమ్ము, రష్యా మట్టి, ఉత్తరాఫ్రికా దుమ్ము, వియత్నాం మట్టి అని వాటి పేర్లు. నిజానికవి రంగు పొడులు. మొదటిసారి అలాంటి సీసా కొరియర్‌లో వచ్చినప్పుడు ఇంట్లో నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. అనంతపురం జిల్లావాడు డబ్బులిచ్చి దుమ్ము తెప్పించుకోవడం! ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. మాకు కరువున్నదేదైనా ఉంటే అది దుమ్ము కాదు.

అందుకే ఈసారి మా చేను మట్టే వాడదామనుకున్నాను. జిల్లాలో ఎక్కువ భాగం ఎర్రనేలే గానీ, ఉరవకొండ చుట్టుపక్కల నల్లరేగడి ఉంది. ఎండినప్పుడు బూడిదరంగు, తడిస్తే నలుపు. నేరుగా పూస్తే పని జరగదు. 1/35లో ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు మూడున్నర సెంటీమీటర్ల రాయి అవుతుంది. రాళ్లవాన పడినట్టుంటుంది బండి. కాబట్టి మట్టిని పెనం మీద వేయించి, నీళ్లలో కలిపి, బరువైనది అడుగుకి దిగేదాకా ఆగి, పైన తేలిన మడ్డినీళ్లని వేరే గిన్నెలోకి వంపాలి. అది ఆరాక మిగిలేది పౌడర్ లాంటి పొడి. పాత చీర ముక్కతో వస్త్రగాలం పడితే ఇంకా మేలు. దాన్ని బ్రష్‌తో అద్ది, మీద టర్పెంటైన్ చుక్కలు వేస్తే పట్టుకుంటుంది, కాకపోతే ఆరాక కూడా రంగు ఒక మెట్టు ముదురుతుంది. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

పని బ్రహ్మాండంగా వచ్చింది. ఆ సాయంత్రం దాన్ని చూసుకుని మురిసిపోయాను. మర్నాడే జేజి ఆ ప్రశ్న అడిగింది.

బండి పేరు స్టాగ్‌హౌండ్. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం కోసం అమెరికాలో షెవ్రలే తయారుచేసిన సాయుధ కారు. నాలుగు చక్రాలు, రెండు ఇంజన్లు, 37 మిల్లీమీటర్ల తుపాకి, ఐదుగురు మనుషులు, దాదాపు 14 టన్నులు. యుద్ధం అయిపోయాక వీటిలో కొన్ని హైదరాబాద్ సంస్థాన సైన్యంలో చేరాయి. 1948 సెప్టెంబరు 13న, పోలీస్ యాక్షన్ మొదటిరోజు, బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ రుద్ర దళాలు సంస్థానంలోకి వచ్చినప్పుడు, హంబర్ సాయుధ కార్లతో, ఈ స్టాగ్‌హౌండ్లతో ఎదురు నిలిచింది హైదరాబాద్ లాన్సర్లు. నిలిచింది కొద్దిసేపే. పొద్దున ఎనిమిదిన్నరకల్లా భారత సైన్యం కోదాడలో ఉంది, మధ్యాహ్నానికి మునగాలలో. మర్నాడు సూర్యాపేట. వెనక్కి పోతూ నిజాం దళాలు మూసీ మీద వంతెనని పేల్చేశాయి. 17న అంతా ముగిసింది. సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, జనరల్ చౌధురికి లొంగిపోయాడు.

తెలుగు నేల మీద సాయుధ వాహనాలు ఎదురెదురుగా నిలబడ్డ సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈ బండి ఎంచుకున్నాను. ఇంత ఎంచుకున్నవాణ్ణి దానికి ఉరవకొండ మట్టి ఎలా పూశాను?

1800లో తన దగ్గరుండే ఇంగ్లీషు సైన్యం ఖర్చుకింద నిజాం కంపెనీకి వదిలేసిన దత్త మండలాల్లో ఉంది ఉరవకొండ. 1948 నాటికి మేం మద్రాసు రాష్ట్రం. బళ్లారి దాటి తుంగభద్ర దాకా పోతేగానీ, అంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు పోతేగానీ, నిజాం నేల కనపడదు. ఆ అంచున హోస్పేట దగ్గర కూడా చిన్న పోరు జరిగింది, కానీ నా స్టాగ్‌హౌండ్ నిలబడింది అక్కడ కాదు. మా జేజికి అప్పుడు ఏడేళ్లు. "ఏడిస్తే రజాకార్లొస్తారనేది మాయమ్మ," అంటుంది. అంతే. మా ఇంటికి ఆ యుద్ధం ఒక పేరుగా మాత్రమే వచ్చింది. సొంత ఊరి మీద మమకారంతో నేను చేసింది ఒక అబద్ధం.

టర్పెంటైన్‌తో కడిగేశాను. అడుగునున్న రంగు కూడా రెండుచోట్ల లేచిపోయింది.

తర్వాత వర్షాకాలంలో ఏదో పని మీద విజయవాడ పోతూ సూర్యాపేట దాటాక ఆగాను. రోడ్డు పక్క మట్టి తీసుకుందామంటే అది అక్కడి మట్టి కాదు, హైవే వెడల్పు చేసినప్పుడు ఎక్కడినుంచో టిప్పర్లలో తెచ్చి పోసిన మొరం. లోపలికి నడిచి ఒక చెల్క గట్టున పిడికెడు తీసుకున్నాను. ఎర్రది. ఇంకొక సంగతి కూడా అక్కడే తట్టింది. నా బూట్లకి బురద అంటుకుంది. సెప్టెంబరు అంటే వానాకాలం! అప్పుడు బండిమీద ఉండాల్సింది దుమ్ము కాదు, బురద. చక్రాల గూళ్లలో గట్టిగా పేరుకున్న పాతది, దానిమీద చిమ్మిన తడిది. తడి మెరవాలంటే గ్లాస్ వార్నిష్ కలపాలి. పని మొత్తం మళ్లీ మొదటికొచ్చింది.

చోటు తేలింది. ఇక తేదీ.

డయోరమా చేసేవాళ్లు తేదీని పెద్దగా పట్టించుకోరు. లోకంలో ఎక్కువమంది ఇష్టంగా చేసేది జర్మన్ ట్యాంకులు. పాంథర్ మీద తుప్పుని, మంచుని, శరత్కాలపు ఆకుల్ని ఎంత అందంగా చేస్తారంటే, అది ఏ ఊరిమీదికి పోతోందన్న ప్రశ్నే రాదు. ఇన్నాళ్లూ నాకూ రాలేదు. దూరపు యుద్ధం కదా. కానీ ఇక్కడ తేదీ మార్చిన ప్రతిసారీ బండి మారిపోతోంది. ఆగస్టు 27 అంటే, అది రజాకార్లు బైరాన్‌పల్లిలో జనాన్ని చంపిన రోజు. ఆ ఊరి బురుజు ఇంకా నిలబడే ఉంది. అప్పుడు నిజాం బండి మీది మట్టిని అందంగా తీర్చిదిద్దడానికి చేయి రాదు. సెప్టెంబరు 13 పొద్దున అంటే, ఓడిపోవడానికి ఎదురెళ్తున్న ఐదుగురు సిపాయిలు. సెప్టెంబరు 18 తర్వాత అంటే, రోడ్డు పక్కన పడున్న ఖాళీ ఇనుము. దాని చుట్టూ గెలిచినవాళ్ల సంబరం పెట్టొచ్చు.

ఆ సంబరమే పెడదామనుకున్నాను మొదట. తర్వాత సుందర్‌లాల్ కమిటీ గురించి చదివాను. ప్రభుత్వం పంపితే 1948 చివర్లో సంస్థానమంతా తిరిగిన ఆ కమిటీ, పోలీస్ యాక్షన్ సమయంలోనూ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువగా ముస్లింలు, ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదిక జనం చేతికి రావడానికి 2013 దాకా పట్టింది. ఇటు నల్లగొండ, వరంగల్ పల్లెల్లోకి వచ్చిన సైన్యం, కమ్యూనిస్టు రైతుల మీద 1951 దాకా పనిచేస్తూనే ఉంది. కోదాడ రోడ్డు మీద పూలదండలు వేసిన చేతులు ఎవరివో, వేయని చేతులు ఎవరివో, ముప్పైఐదో వంతు బొమ్మల్లో చూపించే విద్య నాకు రాదు. తుప్పు చేయడం వచ్చు, కారిన నూనె చేయడం వచ్చు.

చివరికి 13వ తేదీ పొద్దున దగ్గర ఆగాను. తడిరోడ్డు, రెండు తాటిచెట్లు, ఒక బండి. టర్రెట్ మూత తెరిచి ఉంచాను. కిట్‌తో వచ్చిన మనుషుల బొమ్మలకి రంగులేశాను గానీ పెట్టలేదు. అవి బ్రిటిష్ యూనిఫాంలో ఉన్నాయి, మార్చి చెక్కొచ్చు. చెక్కలేదు, అంతే.

సంక్రాంతికి అట్టపెట్టెలో దూదిలో పెట్టుకుని ఊరికి తీసుకెళ్లాను. జేజి కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది. వేలితో చక్రం ముట్టుకోబోయి ఆగింది.

"ఇది మన మన్ను గాదే."

"కాదు జేజీ. సూర్యాపేట దిక్కుది."

"దీంట్లో మనుషులేరి?"

పెట్టలేదని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అద్దాల బీరువాలో పెట్టురా, బయట పెడితే దుమ్ము పడ్తాది," అంది.

బీరువాలో జాగా లేక టీవీ పైన పెట్టాను. ఆషాఢం గాలికి దానిమీద ఎలాగూ ఉరవకొండ దుమ్ము పేరుకుంటుంది. ఇంటికి పోయినప్పుడల్లా మెత్తటి బ్రష్‌తో దులుపుతున్నాను. కింద ఎర్రది ఊడకుండా పైన నల్లది మాత్రమే తీయడం, మొత్తం పనిలోకెల్లా అదే కష్టంగా ఉంది.