ఆవాజ్‌కు లగామ్ వేసిన డబ్బా

కంప్రెసర్ అనగానే మన ఇళ్లలో ఫ్రిజ్ వెనకాల గుర్రుమనేదే గుర్తొస్తుంది. ఆవాజ్‌కు కూడా ఒక కంప్రెసర్ ఉంది. అది గొంతులోని హెచ్చుతగ్గులను నొక్కుతుంది. ఈరోజు రేడియోలో, టీవీలో, ఫోన్లో మనం వినే పాటల్లో చాలావరకు దాని చేతుల మీదుగా వచ్చినవే. దాని దాస్తాన్ మాత్రం చెప్పుకునేవాళ్లు తక్కువ.

ముందు అసలు ముష్కిల్ ఏమిటో చూద్దాం. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోన్ కంపెనీకి పాడినప్పుడు మైకు లేదు. బాకా ముందు నిలబడి గట్టిగా పాడాల్సిందే. గొంతు తగ్గితే రికార్డు గరగరలో మునిగిపోతుంది. మరీ పెరిగితే గాడి చెడిపోతుంది. 1925లో మైకుతో రికార్డింగ్ మొదలయ్యాక మెల్లని గొంతుకూ జగా దొరికింది. కానీ ఆ రెండు హద్దులూ అలాగే ఉన్నాయి.

రేడియోకు ఇదే ఆఫత్. ట్రాన్స్‌మిటర్ మోయగలిగినదానికంటే పెద్ద ఆవాజ్ పంపితే ప్రసారం చీలిపోతుంది. అందుకని ఒక ఇంజనీరు నాబ్ మీద చెయ్యేసి కూర్చునేవాడు. ఎంత చురుకైన చెయ్యి అయినా కేక వినపడ్డాకే కదులుతుంది కదా! ఆ చేతి పనిని మషీన్‌కు అప్పగించిన తొలి పరికరాల్లో పేరున్నది అమెరికాలో 1937లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ తెచ్చిన 110-ఏ.

పని తరీఖా సాదాదే. ముందు ఒక హద్ పెడతారు. దాని కింద ఉన్న ఆవాజ్ జోలికి మషీన్ పోదు. దాటినదాన్ని మాత్రం అణుస్తుంది. 4:1 అని పెడితే, హద్ మీద 8 డెసిబెల్స్ లేచిన గొంతు 2 డెసిబెల్సే లేచినట్టు బయటికొస్తుంది. శిఖరాలు తగ్గాయి కాబట్టి మొత్తం ఆవాజ్‌ను కాస్త పెంచుకోవచ్చు. అప్పుడు మెల్లగా పలికిన లఫ్జ్ కూడా చెవికి అందుతుంది. బలమైన గొంతును ఆపడం, బలహీనమైన గొంతును వినిపించడం రెండూ ఒకే పనిలో అయిపోతాయి.

ఈ హునర్‌ను పెంచినవాళ్లు రకరకాల మనుషులు. ఎస్టోనియాలో పుట్టి అమెరికా చేరిన ముహాజిర్ రైన్ నార్మా 1950ల చివర్లో ఫెయిర్‌చైల్డ్ 670కి రూపం ఇచ్చాడు. అందులో 20 వాల్వులు, బరువు సుమారు 30 కిలోలు. కాలిఫోర్నియాలో జిమ్ లారెన్స్ ఎల్‌ఏ-2ఏలో రోష్నీని వాడుకున్నాడు. గొంతు పెరిగితే లోపలి వెలుగు పెరుగుతుంది, ఆ వెలుగే ఆవాజ్‌ను తగ్గిస్తుంది. 1967లో బిల్ పట్నం తెచ్చిన 1176 ట్రాన్సిస్టర్లతో రెప్పపాటు కంటే వేగంగా పట్టుకునేది.

అప్పటిదాకా ఇది ప్రధానంగా చౌకీదార్. 1966లో లండన్‌లో బీటిల్స్ ఇంజనీరు జెఫ్ ఎమెరిక్, రింగో స్టార్ డ్రమ్స్‌ను ఫెయిర్‌చైల్డ్‌తో బాగా నొక్కేసి కొత్త ఆవాజ్ పుట్టించాడు. చౌకీదార్ రంగ్రేజ్ అయ్యాడు.

తర్వాత లాలచ్ మొదలైంది. సీడీల జమానాలో కంపెనీలన్నీ పక్కవాడికంటే గట్టిగా వినపడాలని పాటలను నొక్కుతూ పోయాయి. 2008లో మెటాలికా ఆల్బమ్ మీద సొంత అభిమానులే షికాయత్ చేశారు. 2010లో యూరప్ ప్రసార సంస్థల సంఘం సగటు గట్టిదనాన్ని కొలిచే ఖాయిదా తెచ్చింది. దాన్ని పాటించే చోట ఎంత నొక్కినా ప్రసారంలో ఫాయిదా ఉండదు.

ఇక మన మెహఫిళ్ల మాట. ఖవ్వాలి మెల్లని ఆలాప్‌తో మొదలై, తాళీలతో, తక్రార్‌తో మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. ఆ చఢావ్‌లోనే తాసీర్ ఉంది. మైక్‌సెట్ ఆయన కంప్రెసర్‌ను విపరీతంగా బిగించి ఆవాజ్ పెంచితే మొదలూ చివరా ఒకే ఎత్తున పడుంటాయి. పైగా గాయకుడు ఖామోష్‌గా ఉన్నప్పుడు మైకు స్పీకర్ల ఆవాజ్‌నే లాక్కుని కూత పెడుతుంది. గొంతుకు 2:1 లేదా 3:1, స్పీకర్లు కాలిపోకుండా చివర ఒక లిమిటర్ పెడితే చాలాసార్లు సరిపోతుంది. గుండెలదిరే ఆవాజ్‌కు అలవాటుపడిన మన పిల్లలకు ఒకసారి పాత ఖవ్వాలి రికార్డింగ్ వినిపించండి. గొంతు ఎక్కడ తగ్గిందో, ఎక్కడ లేచిందో వాళ్లనే చెప్పమనండి.