అల్పవేగ విద్యుత్ సైకిళ్ళు: అమెరికా శాసనములు

పెడళ్ళు గల సైకిలునకు విద్యుత్ మోటారును తగిలించినప్పుడు అది సైకిలుగానే మిగులునా, మోటారు వాహనమగునా అను ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములయందు సమాధానము రెండు తావులనుండి వచ్చును. బండి నెట్లు తయారుచేసి అమ్మవలెనో కేంద్రశాసనము నిర్ణయించును. దానిని రోడ్డుపై నెవరు నడపవచ్చునో, లైసెన్సు కావలెనో అక్కరలేదో రాష్ట్రములు నిర్ణయించును.

వినియోగవస్తువుల భద్రతాచట్టమునకు 2002లో చేర్చిన సవరణ ప్రకారము, రెండుగాని మూడుగాని చక్రములును, త్రొక్కి నడపుటకు పూర్తిగా పనికివచ్చు పెడళ్ళును, 750 వాటులకు తక్కువ శక్తి గల మోటారును కలిగి, 170 పౌనుల మనిషి నెక్కించుకొని చదునైన బాటపై కేవలము మోటారు బలముననే పోవునపుడు గంటకు 20 మైళ్ళ, అనగా సుమారు 32 కిలోమీటర్ల, వేగము నందుకొననిది అల్పవేగ విద్యుత్ సైకిలు. ఎక్కువాని బరువును గూడ చట్టమునకెక్కించుట చాదస్తముగా తోచవచ్చును. కాని అదే మోటారు బక్కవానిని వడిగాను స్థూలకాయుని మెల్లగాను మోయును గనుక, ఆ తూకము లేనిచో వేగపరిమితిని పరీక్షించుటయే కుదరదు. ఇట్టి బండి మోటారు వాహనముల భద్రతాప్రమాణములనుండి తప్పి, మామూలు సైకిళ్ళ ప్రమాణముల క్రిందికి వచ్చును. అంతమాత్రమున లైసెన్సు అక్కరలేదని వాదించుట చెల్లదు. ఆ శాసనము తయారీదారు నుద్దేశించినదే గాని నడపువాని నుద్దేశించినది కాదు.

మోటారునకు త్రొక్కుడు తోడైనప్పుడు వేగమెంతవరకు పోవచ్చునో ఆ నిర్వచనము చెప్పలేదు. ఈ లోటును పూరించినది, తరువాత పెక్కు రాష్ట్రములకు మాదిరియైన 2015 నాటి కాలిఫోర్నియా చట్టము. దాని ప్రకారము బండ్లు మూడు తరగతులు: మొదటి తరగతి బండికి త్రొక్కినప్పుడే మోటారు తోడ్పడి, 20 మైళ్ళ వేగము రాగానే విరమించును. రెండవదానిని త్రొక్కకయే ఆ వేగమువరకు నడపవచ్చును. మూడవది త్రొక్కినప్పుడే తోడ్పడినను 28 మైళ్ళవరకు పోవును. మూటికిని లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా అక్కరలేదు. అయితే మూడవదానిని పదునారేండ్లు నిండనివారు నడపరాదు. దాని నెక్కువారెల్లరును హెల్మెటు ధరింపవలెను. తరగతియు, వేగమును, వాటులును తెలుపు చీటీని తయారీదారు బండికి అంటింపవలెను.

మీట నొక్కి హద్దుమీరు వేగమునకు మార్చుకొనుటకు వీలుగా నిర్మించిన బండ్లు ఈ చీటీ చాటున చెలామణియగుటచే, అట్టివి విద్యుత్ సైకిళ్ళే కావని 2024లో కాలిఫోర్నియా స్పష్టపరచినది. వానికి మోపెడ్ల, మోటారు సైకిళ్ళ నియమములు వర్తింపవచ్చును. తరగతుల సంఖ్యలు సైతము అంతట నొక్క అర్థము నీయవు; న్యూయార్కు నగరమున మూడవ తరగతి యనగా త్రొక్కకయే 25 మైళ్ళవరకు పోగలది.

భారతదేశమున ఇట్టి బండి మోటారు శక్తి 0.25 కిలోవాటులకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును తక్కువగా నుండవలెను. కాని ఇచట తయారీదారు చీటీ చాలదు, కేంద్ర మోటారు వాహనముల నియమావళి పేర్కొనిన పరీక్షాసంస్థ ధ్రువీకరించిన పిమ్మటనే బండికి మోటారు వాహనముల నియమములనుండి మినహాయింపు లభించును.