అడ్మిన్, అడ్మిన్: ఒక తాళం కథ

ఇంట్లో నెట్ ఆగిపోతే మనవాళ్లు చేసే మొదటి పని రౌటర్ ఆపి మళ్లీ వెయ్యడం. రెండో పని, వెనకాల ఉన్న చిన్న కన్నంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కి పట్టుకోవడం. "రీసెట్ కొట్టిన, ఇప్పుడు మంచిగొస్తుంది" అంటారు. నెట్ వస్తుంది, నిజమే. కాకపోతే ఆ పది సెకన్లలో మీరు పెట్టుకున్న తాళాలన్నీ పోయి, కంపెనీవాడు పెట్టెలో పెట్టి పంపిన తాళం తిరిగొస్తుంది. ఆ తాళం ఎంత గట్టిది? వైర్‌లెస్ భద్రత చరిత్ర గురించి చదివినప్పుడల్లా నాకు ఇదే అసలు ప్రశ్న అనిపిస్తుంది. ఎన్‌క్రిప్షన్ గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం గానీ, ఇది డిఫాల్ట్ సెట్టింగుల కథ.

మొదట్నుంచీ చూద్దాం. 802.11 ప్రమాణం 1997లో వచ్చింది. దాంతోపాటే వెప్ అనే రక్షణ కూడా. అప్పటి అమెరికా ఎగుమతి ఆంక్షల వల్ల 40 బిట్ల కీతో సరిపెట్టారు. ప్రతి ప్యాకెట్‌కీ మారాల్సిన సంఖ్యకి ఇచ్చింది 24 బిట్లే, అంటే కోటీ 67 లక్షల పైచిలుకు విలువలు. రద్దీ ఉన్న నెట్‌వర్కులో అవి తొందరగానే అయిపోయి మళ్లీ పాతవే వస్తాయి. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు ఈ పద్ధతిలోని లోపాన్ని బయటపెట్టారు. 2007 నాటికి జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు 104 బిట్ల వెప్ కీని కూడా నిమిషంలోపే పట్టేశారు. ఈలోగా 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. 2006 మార్చి నుంచి వైఫై ముద్ర కావాలంటే డబ్ల్యూపీఏ2 తప్పనిసరి అయింది.

ఇక మన దగ్గర. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి లైసెన్సు అక్కర్లేదన్నారు. అదే నెలలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. అంటే మన ఇళ్లకి వైఫై వచ్చేసరికే వెప్ పని అయిపోయి నాలుగేళ్లు! అయినా ఆ రోజుల్లో చాలా ఇళ్లలో వెప్ కూడా ఉండేది కాదు, తలుపు బార్లా తెరిచే ఉండేది.

దాని ఫలితం 2008లో కనిపించింది. జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకి కొద్ది నిమిషాల ముందు మీడియాకి ఒక ఈమెయిల్ వెళ్లింది. ఐపీ అడ్రసు పట్టుకుని పోలీసులు వెళ్తే, అది నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇల్లు. ఆయన వైఫైకి తాళం లేదు, బయటివాళ్లెవరో వాడుకున్నారు. ఆయన నెట్ వాడలేదని తేలేలోపు ఆ ఇంటివాళ్లు పడ్డ ఇబ్బంది ఊహించుకోండి. సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్లప్పుడూ ముంబైలోని మరో వైఫై నుంచే మెయిల్. 2009 జనవరిలో ముంబై పోలీసులు వీధుల్లో తిరుగుతూ తెరిచి ఉన్న వైఫైల కోసం వెతికారు. తర్వాతి నెల టెలికాం శాఖ సర్వీసు ప్రొవైడర్లకి ఆదేశాలిచ్చింది. సారాంశం ఏంటంటే, వైఫైకి తాళం ఉండాల్సిందే.

మరి జనం వేసుకున్నారా? వైఫై పాస్‌వర్డ్ అయితే వేసుకున్నారు. రౌటర్ లోపలి అడ్మిన్ పాస్‌వర్డ్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ 60కి పైగా డిఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల పట్టికతోనే లక్షల పరికరాల్లోకి దూరింది. పెద్ద తెలివేం లేదు, అందరి ఇళ్లకీ ఒకటే తాళంచెవి ఉంటే దొంగకి తెలివి ఎందుకు? 2017 జులైలో ఆ దెబ్బ మనకీ తగిలింది. 'అడ్మిన్, అడ్మిన్' అని వదిలేసిన బీఎస్ఎన్ఎల్ మోడెములు వేలల్లో మూలన పడ్డాయి. పాస్‌వర్డ్ మార్చుకోమని సంస్థ వినియోగదారుల్ని కోరింది.

ఇన్నేళ్లూ "మార్చుకోండి" అని చెబుతూ వచ్చారు, జనం మార్చుకోలేదు. మార్పు వచ్చింది తయారీదారు మెడ మీద బాధ్యత పెట్టాకే. కాలిఫోర్నియా చట్టం 2020 జనవరి 1 నుంచి, బ్రిటన్ చట్టం 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని పరికరాలకీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టడాన్ని కుదరదన్నాయి. ఇప్పుడు చాలా రౌటర్ల అడుగున స్టిక్కర్ మీద వేర్వేరు పాస్‌వర్డులు కనిపిస్తాయి.

ఇదంతా మనకెందుకంటారా? సదాశివనగర్‌నే తీసుకోండి. కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదుండే మండల కేంద్రం. ఇలాంటి ఊళ్లలో కొడుకు హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉంటాడు, అమ్మా బాపూ ఇంట్లో ఉంటారు. వీడియో కాల్ కోసం పెట్టించిన రౌటర్‌ని కేబుల్ అన్న బిగించి పోతాడు. పాస్‌వర్డ్ ఏమిటంటే, బాపు ఫోన్ నంబరు! పది అంకెలు చాలా గట్టివనిపిస్తాయి. కానీ మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతోనే మొదలవుతాయి, అంటే మొత్తం 400 కోట్లే. గేములాడే గ్రాఫిక్స్ కార్డు సెకనుకి 5 లక్షల చొప్పున ప్రయత్నించినా రెండు గంటల పైచిలుకులో అయిపోతుంది. 2021లో టెల్ అవీవ్‌లో ఒక పరిశోధకుడు 5,000 వైఫైల మీద ప్రయత్నిస్తే 70 శాతం దాకా తెరుచుకున్నాయి. అక్కడా ఫోన్ నంబర్లే! ఆ నెట్ నుంచి ఎవడైనా తప్పుడు పని చేస్తే పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లనే.

కాబట్టి ఈసారి ఊరెళ్లినప్పుడు రీసెట్ కొట్టే ముందు కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాసి పెట్టుకోండి, కొన్ని రౌటర్లలో అవీ చెరిగిపోతాయి. కొట్టాక ముందుగా అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2. వైఫైకి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు కలిపి పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టండి. డబ్ల్యూపీఎస్ ఆపెయ్యండి, దాని 8 అంకెల పిన్నుని 11 వేల ప్రయత్నాల్లో పట్టొచ్చని 2011లోనే తేలింది. బయటి నుంచి రౌటర్‌ని నడిపే సౌకర్యం కూడా ఆపేసి, ఫర్మ్‌వేర్ కొత్తది వెయ్యండి. పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. బీరువా దాకా వచ్చే దొంగకి వైఫైతో పనుండదు లెండి :)

మొత్తం అరగంట పని. మనం ఆఫీసులో సర్వర్లకి రోజూ చేసేదే. అమ్మావాళ్ల ఇంటికి సిస్టమ్ అడ్మిన్ మనమే.