ఇరవై అయిదు సెకన్లు

మెయిన్ స్విచ్ దించే ఉంది. అయినా సాంచాలు కదిలాయి.

1993 సెప్టెంబర్ 30. తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. షోలాపూర్, సాఖర్ పేట. ముందురోజు అనంత చతుర్దశి, వినాయక నిమజ్జనం. కార్ఖానాకు సెలవు. రాత్రీ పగలూ గడగడలాడే సందు ఆ ఒక్క రాత్రే నోరు మూసుకుంది. అర్ధరాత్రి దాటేదాకా లేజిం ఆడొచ్చిన కుర్రాళ్లు జుట్టులో గులాల్ కూడా దులుపుకోకుండా అరుగుల మీద పడి నిద్రపోతున్నారు. ముందు గదిలో నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. మధ్య గదిలో ఏడుగురు మనుషులు. వెనక వంట. ఆ పేటలో ఏ తలుపు తట్టినా ఇంచుమించు ఇదే ఇల్లు.

మొదట గూట్లో గ్లాసులు మోగాయి. పది సెకన్లు గడిచాయో లేదో, కండెల డబ్బా దభీమని కింద పడింది. ఆ వెంటనే ఇనుము ఇనుముని కొట్టుకునే చప్పుడు.

"ఎవడ్రా సాంచా చాలు జేసింది?" పెద్దాయన చీకట్లో అరిచాడు.

ఎవరూ పలకలేదు. ఈసారి నేలే పలికింది.

కోడలు చంటిదాన్ని గుండెకు అదుముకుని, రెండో చేత్తో అత్త రెక్క పట్టుకుని, సాయంత్రం చుట్టి చాటలో పెట్టిన బీడీలన్నీ కాళ్లకింద నలుగుతుంటే, పైనుంచి సున్నం పెచ్చులు వీపు మీద రాలుతుంటే, గడియ ఎటు తియ్యాలో చెయ్యి మరిచిపోయి రెండుసార్లు తప్పు వైపు గుంజి, మూడోసారికి తలుపు తెరిచి సందులో పడింది. సందు అప్పటికే నిండిపోయింది. అవతలి గల్లీలోంచి మరాఠీలో కేకలు. భూకంప్! భూకంప్! పడమట చంద్రుడు వాలుతున్నాడు. పున్నమికి ఒక్క రోజు తక్కువ.

నేల ఆగింది. తలలు లెక్కపెట్టుకున్నారు.

"చిన్నోడేడి?" అంది అవ్వ.

అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. చిన్నోడు ఇంట్లో లేడు. సిరిసిల్లలో చుట్టాల పెద్దకర్మకు పోయి, హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కాడు. ఆ బస్సు జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా, నల్‌దుర్గ్ మీదుగా రావాలి. ఈ వేళకు ఉమర్గా దగ్గరుండాలి.

ఉమర్గాలో ఏం జరిగిందో సాఖర్ పేటలో ఇంకా ఎవరికీ తెలీదు.

ఆ తోవ ఈ పేటలకు కొత్తది కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి పద్మశాలీలు తరాల తరబడి షోలాపూర్ మిల్లులకూ మగ్గాలకూ వచ్చిన దారి అదే. మొగోళ్లు చాదర్లు, టవళ్లు నేశారు. ఆడోళ్లు బీడీలు చుట్టారు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. పెళ్లికీ చావుకీ మాత్రం బస్సెక్కి తూర్పుకే పోతారు. షోలాపూర్‌కి ఈశాన్యాన దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో, ఆ హైవేకి కాస్త ఉత్తరంగా, ఒక ఊరుంది. పేరు కిల్లారి.

భూమి తెగింది అక్కడే.

కంపనం రాతిలోంచి పరిగెత్తింది. చిన్న అల ముందు, పెద్ద అల వెనక. చిన్నది సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో వచ్చి గూట్లో గ్లాసులు మోగించింది. పెద్దది సెకనుకు మూడున్నర కిలోమీటర్ల చొప్పున వచ్చి సాంచాలు ఊపింది. కిల్లారి నుంచి సాఖర్ పేటకు దానికి పట్టింది ఇరవై అయిదు సెకన్లు. అదే దూరం ఒక మనిషి మాట రావడానికి గంటలు పట్టింది.

సందు మొత్తానికి ఫోను ఒక్కటే. సేఠ్ ఇంట్లో. సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఎన్నో ఇళ్లలో రాసిపెట్టుకున్న పి.పి. (పక్కింటి) నంబరు అది. పెద్దాయన చొక్కా లేకుండానే వెళ్లి తలుపు కొట్టాడు. సేఠ్ అప్పటికే డయల్ తిప్పుతున్నాడు. రిసీవర్‌లో టకటకమని చప్పుడు, తర్వాత నిశ్శబ్దం, మళ్లీ చప్పుడు. ఆ తర్వాత ఒక ఆడ గొంతు, తొణక్కుండా: ఈ రూట్‌లో లైన్లన్నీ వ్యస్త్, అంటే బిజీ.

"మళ్ల తిప్పు సేఠ్."

తిప్పాడు. అదే గొంతు.

అదే వేళకు ముంబయిలో ముఖ్యమంత్రి శరద్ పవార్ ఇంకా మేలుకునే ఉన్నారు. రాష్ట్రమంతా నిమజ్జనాలు సజావుగా ముగిశాయన్న కబురు వచ్చేదాకా ఆయన పడుకోలేదు. కిటికీలు కదిలాయి. 1967 డిసెంబర్‌లో కోయనాని కుదిపేసిన భూకంపం మహారాష్ట్రలో ఎవరూ మరిచిపోలేదు. ఆయన ఫోను మొదట కోయనాకే పోయింది. జవాబు వచ్చింది. ఇక్కడ కాదు. లాతూర్ వైపు.

లాతూరా? అక్కడ భూమి కదలదని కదా మ్యాపు చెప్పింది!

మ్యాపు నిజంగానే అలా చెప్పింది. దేశాన్ని భూకంప మండలాలుగా గీసినప్పుడు కిల్లారి ప్రాంతం ఒకటో మండలంలో ఉంది. అన్నింటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న మండలం అది. దక్కన్ రాయి కదలదని పుస్తకాలన్నాయి. కిల్లారి జనం మాత్రం ఏడాది ముందే కదలిక విన్నారు. 1992 ఆగస్టు నుంచి ఊరు ఊగుతూనే ఉంది. ఆ అక్టోబర్ 18న వచ్చిన కుదుపుకి గోడలు బీటలిచ్చాయి. జనం ఇళ్లలో పడుకోవడానికి భయపడ్డారు. కుదుపులు తగ్గాయి. వానాకాలం వచ్చింది. మళ్లీ లోపలికెళ్లి పడుకున్నారు. బండరాళ్లు పేర్చి మట్టితో మెత్తిన లావుపాటి గోడలు, పైన దూలాల మీద మందంగా పోసిన మట్టి. ఎండాకాలం చల్లగా ఉండే ఆ ఇళ్లే ఆ తెల్లవారుజామున మనుషుల్ని మింగేశాయి.

దాదాపు 10 వేల ప్రాణాలు. 52 ఊళ్లు నేలమట్టం. లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల్లో ఆ పల్లెల ఫోన్లు మూగబోయాయి. బయటపడిన కబురల్లా పోలీసు వైర్‌లెస్ మీద రావాలి, లేదంటే మనిషి కాళ్ల మీద రావాలి.

సాఖర్ పేటకు కబురు మనిషి కాళ్ల మీదే వచ్చింది.

తెల్లారింది. చిన్నోడు రాలేదు. సందులో స్టవ్ వెలిగించడానికి ఎవరికీ ధైర్యం లేదు. కార్ఖానా తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి, లోపలికి మాత్రం ఎవరూ అడుగు పెట్టలేదు. ఎస్టీడీ బూత్ ముందు వరస మూల మలుపు దాటింది. ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు. నంబరు తిప్పుతున్నారు. ఉత్త చేతులతో బయటికొస్తున్నారు. రేడియోలో లాతూర్ అన్నారు. ఉస్మానాబాద్ అన్నారు. ఉమర్గా అన్న మాట వినపడగానే అవ్వ నడిసందులో కూలబడింది.

పొద్దెక్కాక సందు మొదట్లో ఒక మనిషి కనిపించాడు. తెల్ల చొక్కా. చొక్కా మీద రక్తం.

"నాది గాదవ్వా." చిన్నోడు చేతులడ్డంగా ఊపాడు. "నాది గాదు. నాకేం గాలే."

నీళ్లు తాగాడు. అప్పుడు చెప్పాడు. ఉమర్గా దగ్గర జనం రోడ్డుకి అడ్డం నిలబడి బస్సు ఆపారు. మంచాల మీద, తలుపుల మీద మోసుకొచ్చిన మనుషుల్ని ఎక్కించారు. ప్రయాణికులు సీట్లలోంచి లేచారు. బస్సు స్టాండుకి పోలేదు, నేరుగా సివిల్ ఆస్పత్రికి పోయింది. ఒక పిల్లని తన ఒళ్లో పడుకోబెట్టుకొచ్చాడు. మరాఠీలో ఒకటే మాట అడుగుతూ వచ్చింది, వాళ్లమ్మ వెనక బస్సులో వస్తోందా అని.

"నువ్వేమన్నవ్?"

చిన్నోడు జవాబు చెప్పలేదు. లేచి చొక్కా మార్చుకుని మళ్లీ ఆస్పత్రికి బయల్దేరాడు.

ఆ రోజూ, ఆ మర్నాడూ ట్రక్కులు, జీపులు, బస్సులు షోలాపూర్ సివిల్ ఆస్పత్రికి గాయపడ్డవాళ్లని మోసుకొస్తూనే ఉన్నాయి. తర్వాత వాన అందుకుంది. శిథిలాల మీద వాన, చితుల మీద వాన.

తూర్పున ఇంకో భయం మొదలైంది. మహారాష్ట్రలో భూకంపమంటే సిరిసిల్లలో వినపడింది షోలాపూర్ అనే. కొడుకు అక్కడ, బిడ్డ అక్కడ, ఫోను కలవదు. తారాఫీసు ముందు వరసలు. మేం క్షేమం అన్న రెండు మాటలు 90 కిలోమీటర్ల అవతలి శవాల గుట్టల్ని దాటుకుని ఇంటికి చేరాలి. ఆ రెండు మాటలు చేరేలోపు ఎన్ని ఇళ్లలో పొయ్యి రాజలేదో ఏ లెక్కలోనూ లేదు. ఉండాల్సిన లెక్క అది.

తెలుగువాళ్లకి ఈ మూగతనం అప్పటికే తెలుసు. 1977 నవంబర్ 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తినప్పుడు తీగలూ తెగాయి, దారులూ తెగాయి. ఎంతమంది పోయారో బయటి ప్రపంచానికి ఆలస్యంగా తెలిసింది. ఆ తర్వాతి దశాబ్దంలో కోస్తా ఊళ్లకు ఇన్సాట్ ఉపగ్రహం నుంచి తుఫాను హెచ్చరిక అందుకునే పెట్టెలు వచ్చాయి. దక్కన్‌కి ఏ పెట్టే రాలేదు. కదలని భూమికి హెచ్చరిక ఎందుకనుకున్నారు.

కిల్లారిలో తెగిన మాటని అతికించినవాళ్లలో హామ్ రేడియోవాళ్లున్నారు. జీతం లేదు, పిలుపు లేదు. సెట్టు, బ్యాటరీ, కట్టడానికి ఒక వైరు. అవి పట్టుకుని భూకంప ప్రాంతానికి పోయి స్టేషన్లు పెట్టారు. ఏ ఊరికి మందులు, ఏ ఊరికి గుడారాలు, ఎవరు బతికున్నారు అన్న కబుర్లు గాల్లో నడిపారు. ఎక్స్‌చేంజి కూలినా వాళ్ల మాట కూలదు, మధ్యలో ఎక్స్‌చేంజే ఉండదు గనక. హైదరాబాద్‌లో ఇలాంటివాళ్లకి శిక్షణ ఇచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అప్పటికి పదేళ్ల నుంచీ ఉంది. అదే హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ భూభౌతిక శాస్త్రవేత్తలు కిల్లారికి పరికరాలు మోసుకెళ్లారు. తర్వాత అక్కడ 617 మీటర్ల లోతు బోరు తవ్వి, భూమి ఎక్కడ తెగిందో రాతినే అడిగారు. 2002లో దేశపు భూకంప మ్యాపు తిరగరాశారు. ఒకటో మండలమే లేకుండా పోయింది.

భూకంపం వచ్చి ఇరవై ఏడేళ్లు గడిచాయి. సాఖర్ పేటలో ఇప్పుడు ఒక్కో ఇంట్లో ఫోన్లు నాలుగు.

2020 అక్టోబర్ 13. తీవ్ర వాయుగుండం పొద్దున్నే కాకినాడ దగ్గర తీరం దాటింది. రాత్రికి హైదరాబాద్‌ని ముంచింది. కాలనీల్లో కార్లు తేలాయి. చిన్నోడు, ఇప్పుడు నెరిసిన జుట్టు చిన్నోడు, ఫోను తెరిస్తే చుట్టాల వీడియోలు. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి మేనకోడలు మాట్లాడుతోంది.

"మామా, ఇది మీ దిక్కే వస్తున్నదట. సామాన్లు మీదికెక్కించుండ్రి."

ఎక్కించారు. నూలు పెట్టెలు, బీములు, బియ్యం. మర్నాడు వాన షోలాపూర్ జిల్లా మీద విరుచుకుపడింది. ఈసారి మాట వాన కంటే ముందొచ్చింది, అదీ తూర్పు నుంచి, తెలుగులో.

పండరీపూర్‌లో అదే రోజు చంద్రభాగ ఒడ్డున కుంభార్ ఘాట్ గోడ కూలింది. దానికింద ఆరుగురు పోయారు. వాన వస్తుందని దేశమంతటికీ తెలుసు. ఆ గోడ కింద నిలబడొద్దని ఆ ఆరుగురికి చెప్పిన గొంతు లేదు. జరగాల్సిన పని ఇంకా మిగిలుంది ఇక్కడే.

2023 జూలై 20. పొద్దున పదిన్నర ప్రాంతం. మహారాష్ట్రలో ఫోన్లు ఒక్కసారిగా వింత మోత మోగాయి. టెలికాం శాఖ పంపిన పరీక్ష సందేశం. ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన సెల్ బ్రాడ్‌కాస్ట్. ఇది ఒక్కో నంబరుకి విడివిడిగా డయల్ చేసేది కాదు. టవరు కింద ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి చెబుతుంది. లైన్లన్నీ వ్యస్త్ అన్న ఆడ గొంతుకి ఇందులో చోటే లేదు. భూకంపపు అల కన్నా రేడియో అల వేల రెట్లు వేగంగా నడుస్తుంది. పుట్టినచోట పరికరం పసిగట్టి ఆ క్షణమే కేక వేస్తే, దూరంలో ఉన్నవాళ్లకి కొన్ని సెకన్లు మిగులుతాయి. ఉత్తరాఖండ్‌లో ఐఐటీ రూర్కీ 2021లో తెచ్చిన యాప్ చేసేది ఆ పనే. కిల్లారికీ షోలాపూర్‌కీ మధ్యనున్న ఇరవై అయిదు సెకన్లలో సగం దక్కినా, కోడలు గడియని ఇంకో రెండుసార్లు తప్పు వైపు గుంజినా, బయటపడుతుంది. ఆ పరికరాలు దక్కన్ రాతి మీదా ఉండి తీరాలి.

ఆ పొద్దున కార్ఖానాలో సాంచాలు నడుస్తున్నాయి. జేబులో ఫోను మోగింది చిన్నోడికి వినపడలేదు. తొడ మీద అదురుకే తెలిసింది. తీసి చదివాడు. వెనక గదిలోకెళ్లి బీడీలు చుడుతున్న వదినకి చూపించాడు. 1993లో చంటిదాన్ని ఎత్తుకుని పరిగెత్తిన కోడలే. ఆమె ఫోను కూడా చాటలో ఆకుల మధ్య అరుస్తోంది.

"సర్కారోళ్లు పంపిండ్రు వదినా. ఆపదొస్తే గిట్లనే మోగుతదట."

ఆమె కత్తెర పక్కన పెట్టింది.

"మోగుడు మంచిగనే ఉంది. నాకు సదువు రాదు గదా. మోగినంక ఉర్కాల్నా, ఉండాల్నా? అది తెలుగుల ఎవరు జెప్తరు?"