చీరాల పొగాకు, కణాల మరమ్మతు

చీరాల అనగానే మగ్గం గుర్తొస్తుంది. ఊరి పెద్దలకు దానితోపాటు ఐఎల్‌టీడీ కూడా గుర్తొస్తుంది. 1912లో పుట్టిన ఆ పొగాకు కంపెనీకి చీరాల ఒక ముఖ్య కేంద్రమైంది. 1920ల నుంచి గుంటూరు జిల్లాలో వర్జీనియా పొగాకు పాకింది. రైతు చేతిలో డబ్బు ఆడింది, ఆడకూలీలకు గ్రేడింగ్ పని దొరికింది. ఈ చరిత్రను ధరలతో, ఎగుమతులతో రాయడం అలవాటు. ఆ ఆకు మనిషి ఒంట్లో చేసిన పనీ ఈ చరిత్రలో భాగమే.

పచ్చాకును కర్రలకు అల్లి, ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో వరుసలుగా వేలాడదీస్తారు. పొయ్యి నుంచి వేడి మాత్రమే ఇనుప గొట్టాల గుండా లోపలికి పోతుంది. కొన్ని రోజుల్లో ఆకు నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. ఆకుకు పొగ తగలనివ్వరు. ఆ జాగ్రత్త కాల్చేవాడి ఊపిరితిత్తులకు దక్కలేదు.

పొగలోని బెంజోపైరీన్ అనే క్యాన్సర్ కారకాన్ని వదిలించుకోబోయి శరీరమే దాన్ని మరింత చురుకైన రూపానికి మారుస్తుంది. అది డీఎన్‌ఏలోని గ్వానైన్ అనే అక్షరానికి అతుక్కుంటుంది. ఎక్స్‌పీఏ, ఎక్స్‌పీసీ, ఈఆర్‌సీసీ1 వంటి జన్యువుల ప్రోటీన్లు ఆ చోటును పసిగట్టి, చెడిన ముక్కను కత్తిరించడానికి తోడ్పడతాయి. ఎదుటి పోగును చూసి వేరే ఎంజైములు ఖాళీని పూడుస్తాయి. పుట్టుకతో వచ్చే ఒక వ్యాధి ఉన్నవాళ్ల కణాల్లో ఇలాంటి మరమ్మతు లోపించిందని 1968లో జేమ్స్ క్లీవర్ గుర్తించాడు. వాళ్లకు ఎండే శత్రువు, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వచ్చేవి.

మరమ్మతుకూ హద్దుంది. రోజుకో ప్యాకెట్ చొప్పున ఏడాది కాలిస్తే ఒక్కో ఊపిరితిత్తి కణం డీఎన్‌ఏలో సగటున 150 మార్పులు మిగులుతాయని 2016లో తేల్చారు. మన ఉత్తర కోస్తాలో అడ్డపొగ ఆచారం ఇంకా దారుణం: చుట్ట నిప్పు వైపే నోట్లో. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లను పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడింది. వాళ్లలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే.

ఇటలీలో 105 ఏళ్లు దాటిన 81 మంది జన్యువులను 2021లో చదివినప్పుడు, డీఎన్‌ఏ మరమ్మతు వాళ్లలో మెరుగ్గా సాగుతున్న సూచనలు కనిపించాయి. అలాంటి వారసత్వం అందరికీ ఉండదు. పొగ మానడం మాత్రం ఎవరికైనా చేతనవుతుంది. బ్రిటన్ వైద్యుల్ని 50 ఏళ్లు వెంబడించిన రిచర్డ్ డాల్ బృందం 2004లో చెప్పిన లెక్క ప్రకారం, యుక్తవయసు నుంచి మానకుండా కాల్చినవాళ్లు సగటున పదేళ్లు ముందుగా పోయారు. 50 ఏళ్లప్పుడు మానినవాళ్లకు అందులో దాదాపు ఆరేళ్లు తిరిగి దక్కాయి.