కాల్‌సెంటరు కొలువు – మన యాడపడుచులు

మన శ్రీకాకుళ విజయనగర మండలములందు స్త్రీ జీవనార్థమై పాటుపడుట నిన్నటి వింత గాదు. పొందూరులో వాలుగచేప దవడయెముకతో ప్రత్తి దువ్వి సన్ననూలు వడికినది స్త్రీయే. పలాసలో జీడిసొనకు వ్రేళ్లు నల్లబడుచుండ పిక్కలు కొట్టి పప్పు దీసినదియు స్త్రీయే. ఆ పాటునకు మన పెద్దలు ఆక్షేపణ దెలుపలేదు. ఇప్పటి యాక్షేపణ పనికి గాదు, రాత్రికి.

టెలిఫోను పనిలో స్త్రీ ప్రవేశించుటయు ప్రాతకథయే. 1878 సెప్టెంబరు 1వ తేదీని అమెరికాలోని బోస్టను నగరమున ఎమ్మా నట్ అను నామె ఆ యుద్యోగమున జేరెను. అంతకుమున్ను నియమింపబడిన బాలురు చందాదారులతో దురుసుగా మాటలాడుటచే, యజమానులు స్త్రీకంఠమే మేలని యెంచిరి.

మనదేశమున 1948 నాటి కర్మాగారముల చట్టము రాత్రి 7 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు స్త్రీలచే పని చేయింపరాదని విధించెను. రక్షణకై పుట్టిన యీ నియమమే జీతమున కడ్డమాయెనని వాదము చెలరేగగా, 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు దానిని కొట్టివేసెను. కాల్‌సెంటర్లకు వర్తించునది దుకాణముల చట్టము. 1988లో ఆంధ్రప్రదేశమున జేసిన యా చట్టమును రాత్రి 8.30 దాటి స్త్రీలు పనిచేయరాదనెను. పిదప ప్రభుత్వమువారు సమాచారసాంకేతిక సంస్థలకు మినహాయింపు లిచ్చిరి. స్త్రీలకు వాహనము సమకూర్చుట యజమాని విధియని షరతు పెట్టిరి.

న్యూయార్కులో ఉదయము 9 గంటలైనపుడు మన కస్తమయము దాటును. కావున ఆ దేశస్థుల ప్రశ్నలకు బదులు చెప్పుటకై విశాఖపట్టణము, హైదరాబాదు చేరిన మన బాలికలు రాత్రిని పగలు చేసికొనిరి. తమ్ముని చదువు, తండ్రి యప్పు, తమ పేర బ్యాంకున నాలుగు రూకలు – ఇవి లాభములు. నిద్రలేమి, కంఠశోష, పండుగనాడు సెలవు దొరకమి – ఇవి నష్టములు. పెండ్లిచూపులలో జీతమును మెచ్చి వేళలను శంకించు పెద్దలను మేమెఱుగుదుము. ఆసుపత్రిలో రాత్రియెల్ల మేల్కొను దాదికి మ్రొక్కు చేతులే యిచట వ్రేలు చూపును!

మాకు తోచిన పెద్దనష్టము వేఱొకటి. పెక్కుచోట్ల తల్లిదండ్రులు పెట్టిన పేరు దాచి విదేశనామము చెప్పవలసివచ్చెను. ఉచ్చారణను మార్చుకొనవలసివచ్చెను. మన మండలపు యాసను బడిలోనే యెగతాళి చేయించుకొన్న బాలికకు ఇది రెండవ శిక్ష.

దీనికి భిన్నమైనది 108 సేవ. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై క్రమముగా రాష్ట్రమంతట వ్యాపించినది. అదియు టెలిఫోను కొలువే, రాత్రి మేల్కొనవలసినదే. కాని అచట తెలుగే పనిముట్టు. పార్వతీపురపు కొండదాపున నొక తల్లి “మా గుంటకి ఏటో అయిపోనాది బాబూ” అని యేడ్చునపుడు, ఆ మాటను మరల చెప్పించుకొనక గ్రహింపగలది మన యూరి పిల్లయే.